దూది అంటిన చోటు

"నీ ఫ్లాంజే నూలును తింటున్నది మామా!"

"తినేటందుకు దానికేమన్న పండ్లున్నయారా?"

"ఉన్నయో లేవో నువ్వే సూడు. ఇగో, ఈ టవల్ అంచు జూడు. మసి పట్టినట్టు ఎట్ల నల్లగైందో! సేఠ్ నన్ను తిడుతున్నడు."

"సరే. బీము మొదలువెట్టినప్పుడు అంచు ఎట్లుండె?"

"తెల్లగనే ఉండె."

"సగమైనంక?"

"అప్పుడు గూడ మంచిగనే ఉండె. బీము ఆఖరుకు వచ్చేటాలకు పోగులు తెగుడు షురువైతది. అంచు నల్లగైతది."

"మరింకేంది? మొదలు మంచిగున్న ఫ్లాంజి ఆఖరుకు ఎట్ల ఖరాబైతది? అదేమన్న బెల్లమా కరిగిపోనీకి? అలిసిపోయేది నీ చెయ్యి. మూతలు పడేది నీ కండ్లు. నీ నిద్రను తెచ్చి నా మాల్ మీద రుద్దుతవా?"

"నిద్ర నాది గాదు, నూలు నాది గాదు, ఫ్లాంజి నీది! ఇంకొక్క బీముకు ఇట్ల నల్లటంచు వచ్చిందంటె మగ్గాలు ఇడిసిపెట్టి పొమ్మన్నడు సేఠ్. పోయి యాడ నిలవడాలె నేను?"

"ఇద్దరు గప్ కూసోండ్రి! గల్లీ అంత తమాష సూస్తున్నది. చాయ్ పెడత" అంది లోపలి నుంచి మేస్త్రి భార్య గంగు అత్త. ఇద్దరిలో ఒక్కరూ కూర్చోలేదు. భుజం మీద మోసుకొచ్చిన, పెద్ద పళ్ళెం లాంటి అల్యూమినియం ఫ్లాంజిని మా ఆయన లేత్ షెడ్డు గడప మీద ఠంగుమని పెట్టి, మా ఇంట్లోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. మేస్త్రి తన షెడ్డులోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. మూసిన రెండు తలుపుల ముందు ఆ ఫ్లాంజీ, నేనూ మిగిలాం.

ఇవాళ పొద్దున పాత అల్యూమినియం గిన్నెను చింతపండు పిప్పితో తోముతుంటే వేళ్ళు నల్లబడ్డాయి. ఆ నలుపును చూస్తూ చూస్తూ పంపు దగ్గరే కూర్చుండిపోయాను. ఇంట్లో ఇన్ని స్టీలు గిన్నెలుండగా దీన్ని ఇంకా ఎందుకు పెట్టుకున్నావని మనుమరాలు అడుగుతుంది. చిల్లు పడని గిన్నెను పారేయడం నాకు చేతకాదు. కానీ వేళ్ళకంటిన ఆ నలుపు చూసినప్పుడల్లా నాకు గుర్తొచ్చేది గిన్నె కాదు, పోశెట్టి మేస్త్రి. ఆయనను చూడనివాళ్ళకు ఆయన సంగతి చెప్పాలని ఎన్నాళ్ళ నుంచో అనుకుంటున్నాను. నేను చదివింది మూడో తరగతి. రాతలో తప్పులుంటే మనుమరాలు దిద్దుతుంది. జరిగినదాంట్లో మాత్రం వేలు పెట్టవద్దని చెప్పాను.

అశోక్ చౌక్ దగ్గర మేమున్న గల్లీలో అన్నీ పద్మశాలీల ఇళ్ళే. మగవాళ్ళు పవర్‌లూమ్‌ల మీద టవళ్ళు, చద్దర్లు నేసేవాళ్ళు, ఆడవాళ్ళం ఇళ్ళల్లో బీడీలు చుట్టేవాళ్ళం. పోశెట్టి మేస్త్రిది కూడా సాలె ఇల్లే, కాని ఆయన మగ్గం మీద కూర్చోలేదు. చిన్నప్పుడే ఎవరో ఉస్తాదు దగ్గర లోహాన్ని తిప్పుతూ కోసే లేత్ పని నేర్చుకుని, మగ్గాలకు కావలసిన షాఫ్టులు, పుల్లీలు, బుష్‌లు కోసిచ్చేవాడు. మోటారుతో తిరిగే లేతే గాని, కోసేదంతా చేతి మీదే. ఒక చేత్తో పిడి తిప్పుతూ, ఇంకో చేత్తో బీడీ పట్టుకుని, తల ఒక పక్కకు వంచి చప్పుడు వింటూ పని చేసేవాడు. చెవి మీద ఆయనకు మహా గర్వం. "నా చెవికి తెల్వకుంట నా లేత్ తుమ్మదు" అనేవాడు. కోపిష్టి. నలుగురు మగవాళ్ళ ముందు ఒక మాట అన్నాడంటే, అది తప్పని తనకే తెలిసినా వెనక్కి తీసుకోడు. ఆ గుణం వల్ల సొంత తమ్ముడితో కూడా మాటలు పోయాయి.

మా ఇంటికీ ఆయన షెడ్డుకూ నడుమ ఒకటే గోడ. ఆ గోడకు వీపు ఆనించి, చాట ఒళ్ళో పెట్టుకుని నేను బీడీలు చుట్టేదాన్ని. వీపులోంచి లేత్ చప్పుడు లోపలికి వచ్చేది. ఒకనాడు జొన్నలు వేయించినట్టు చిటపట, ఇంకోనాడు కొత్త బట్ట చింపినట్టు సర్రుమని. లేత్ ఒక్కటే, మనిషీ ఒక్కడే, మరి చప్పుడు ఎందుకు మారుతుందో నాకు అంతుచిక్కలేదు. చేతులు ఆకులను చుడుతూనే ఉండేవి, బుద్ధి మాత్రం గోడకు అటు వైపు ఉండేది. ఆఖరికి ఒక మధ్యాహ్నం షెడ్డు ముందు నిలబడి అడిగేశాను.

"మామా, నిన్న చిటపటమన్నది, ఇయాల సర్రుమంటున్నది. ఏం కోస్తున్నవ్?"

ఆయన లేత్ ఆపి నన్ను ఎగాదిగా చూశాడు. "నిన్న ఇత్తడి. ఇయాల ఇనుము. ఇత్తడి పొట్టు లెక్క రాలుతది, ఇనుము తీగ లెక్క సాగుతది."

"ఎందుకట్ల?"

"తెల్వదు."

"ఇన్నేండ్ల సంది కోస్తున్నవ్, తెల్వదా?"

"అరే, ఇదే మాట నా ఉస్తాదును అడిగితె చెంప పగలగొట్టిండు. మళ్ళ నేను అడగలే. నువ్వు అడిగినవ్. నేను కొట్టను. లోపలికి రా, రెండిటిని పక్కపక్కకు కోసి సూద్దాం."

ఒక ఇత్తడి ముక్క, ఒక ఇనుప ముక్క ఒకదాని తర్వాత ఒకటి, ముక్కను పట్టి తిప్పే చక్‌లో బిగించి కోసి చూపించాడు. ఎందుకో తేలలేదు. కాని తెలియని దాని ముందు ఒక మనిషి సిగ్గుపడకుండా నిలబడి, కళ్ళు చిట్లించి, "ఇగో, ఇది జూడు" అంటూ ఇంకొకరిని పిలవడం నేను చూడటం అదే మొదటిసారి. మా నాయన తెలియకపోతే తిట్టేవాడు. మా మాస్టరు తెలియకపోతే ఎక్కాలు చెప్పించేవాడు.

ఆ ఏడాది బీడీ కార్ఖానాలో ఆకు తక్కువ ఇస్తున్నారు. చేతులు ఖాళీగా ఉండటం నాకు పడదు. మేస్త్రి షెడ్డులో లేత్ కింద రాలే బురాదాను, అంటే లోహపు పొట్టును, ఊడ్చి, అయస్కాంతంతో ఇనుమును ఏరి వేరు చేసే పని అడిగాను. ఇనుము కలిస్తే అల్యూమినియం బురాదాను పాత సామాను కొనే భంగారువాడు సగం ధరకు అడుగుతాడు. అది చూసి నా మనసు ఊరుకోలేదు. గంగు అత్త మొదట మూతి ముడిచింది, తర్వాత సంచులు వేరుగా పోగవడం చూసి తనే చాయ్ పోసింది. మేస్త్రి మాత్రం మొదటి రోజే రెండు షరతులు పెట్టాడు. తిరిగే చక్ దగ్గర కొంగు వేలాడకూడదు, తీగలను చేత్తో లాగకూడదు. తర్వాత నా చేతుల గాజుల వైపు చూశాడు.

"గాజులు తియ్యమంటలేను బిడ్డా. అది నేను అనొద్దు. మోచేతి మీదికి తోసి పాత బట్ట కట్టుకో. గాజులకేం గావద్దు, చేతులకు గూడ ఏం గావద్దు."

అప్పటి నుంచి షెడ్డులోకి వెళ్ళే ముందు రెండు మోచేతులకు పాత పంచె పీలికలు కట్టుకునేదాన్ని. గల్లీలో ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు. "ఏంది నర్సూ, కుస్తీకి పోతున్నవా?" అని.

అప్పటి వరకు బీము ఫ్లాంజీలు బీడువే, అంటే పోత ఇనుమువే, ఉండేవి. బీము అంటే పడుగు నూలంతా చుట్టి ఉండే పొడుగాటి దూలం లాంటిది. అటూ ఇటూ నూలు జారిపోకుండా ఆపే పెద్ద పళ్ళేల్లాంటి బిళ్ళలే ఫ్లాంజీలు. మేము రొట్టెల పిండి పిసికే పరాత్ అంత ఉంటాయి. బీడు బిళ్ళల బీమును ఎత్తాలంటే ఇద్దరి నడుములు విరిగేవి. అందుకని మా ఆయన పనిచేసే షెడ్డు సేఠ్ అల్యూమినియం ఫ్లాంజీలు కావాలన్నాడు. గల్లీలో అంత పెద్ద బిళ్ళ పట్టే లేత్ మేస్త్రి ఒక్కడిదే. పోత పోసిన ముక్కలు వచ్చాయి. చూడటానికి తెల్లగా, తేలికగా, పిల్లల బొమ్మల్లా ఉన్నాయి.

తేలికే గాని బుద్ధి వంకర ఆ లోహానికి. మెత్తగా ఉంటుంది గదా, సులభంగా తెగుతుందనుకున్నాను. అది తెగదు, అంటుకుంటుంది. కోసే టిప్పు ముక్కు మీద, గరిటెకు పాకం పట్టినట్టు ముద్ద కట్టేది. ఆ ముద్దే ముక్కు అయిపోయి, కోయడం మానేసి గీకేది. మేస్త్రి గ్యాసునూనె, అంటే కిరోసిన్, తెప్పించి కుంచెతో అద్దడం మొదలుపెట్టాడు. రేషన్ దుకాణం ముందు డబ్బా పట్టుకుని వరుసలో నిలబడే నాకు అది చూస్తుంటే కడుపు రగిలింది.

"స్టవ్‌ల పోసుకోనీకి లేదు గాని, ఇనుపదానికి తలంటుతున్నవా?"

"నీళ్ళు పోస్త మరి?"

"ఉత్తగనే కొయ్యరాదా?"

"తెల్వదు. సూద్దాం పా." అని మంచి పోత ముక్కనే చక్‌లో బిగించి, సగం పొడిగా, సగం గ్యాసునూనె అద్ది కోశాడు. పొడిగా కోసిన సగం పిల్లి గీరినట్టుంది. రెండో సగంలో నా ముక్కుపుడక కనిపించింది.

"మంచి ముక్కను ఖరాబ్ జేసినవ్ గద!" అన్నాను.

"ఖరాబ్ కాలే. ఇది ఫీజు. నువ్వు బడికి పోయినప్పుడు కట్టలేదా?"

"మా నాయిన కట్టలే. అందుకే మూడో తరగతిల బయటికి తోలిండ్రు."

ఆయన దగ్గు వచ్చేదాకా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. పాడైన ముక్కను చూస్తే చాలా రోజులు కోపం వచ్చేది. చూసుకుంటూ పాడుచేసిన ముక్క వేరు, చూసుకోక పాడుచేసిన ముక్క వేరని అర్థం కావడానికి నాకు కాలం పట్టింది.

ఆ రోజుల్లోనే పుణె నుంచి టిప్పులమ్మే ఏజెంటు ఒకతను వచ్చాడు. అంతకుముందు టూలు కొనకు అతికించిన సాదా నల్ల టిప్పులుండేవి. వాటిని సాన మీద నూరుకోవాలి. ఇతను తెచ్చినవి మూడు మూలల చిన్న బిళ్ళలు, స్క్రూతో బిగించేవి. ఒక మూల అరిగితే తిప్పి ఇంకో మూల వాడుకోవచ్చన్నాడు. ఆ మాట నాకు బాగా నచ్చింది. వాటిలో సాదావి బూడిద రంగులో ఉన్నాయి. కొన్నింటికి బంగారు రంగు పూత ఉంది. మేస్త్రి బంగారువాటితో ఇనుప షాఫ్టు కోసి చూశాడు. వెన్నలా తెగింది. అరిగే మాటే లేదు. ఏజెంటు అబద్ధం చెప్పలేదు. అంత గట్టి ఇనుమును కోసిన టిప్పుకు మెత్తటి అల్యూమినియం ఒక లెక్కా అని మేమందరం అనుకున్నాం, మేస్త్రితో సహా. ఫ్లాంజీలన్నీ ఆ బంగారు టిప్పులతోనే కోశాడు. మెరుస్తున్నాయని సేఠ్ మెచ్చుకున్నాడు.

ఇక జగడం రోజుకు వస్తాను. ఆ రోజు మగ్గాలకు సుట్టీ, పని లేదు. మా ఆయన ఖాళీ అయిన బీము నుంచి ఒక ఫ్లాంజిని విప్పుకుని వచ్చి గడప మీద పెట్టి వెళ్ళాడు. నేను దాని ముందు కూర్చున్నాను. ఎవరి పక్షాన కూర్చున్నావని అడిగితే చెప్పలేను. మగ్గాలు పోతే మా ఇంట్లో పొయ్యి ఆరుతుంది. మేస్త్రి మాల్ చెడ్డదని పేరు పడితే ఆ షెడ్డు మూతపడుతుంది. కాని నిజం చెప్పాలంటే అప్పుడు నా బుర్రలో తిరుగుతున్నది ఆ రెండూ కావు. మొదలు తెల్లగా ఉన్న అంచు ఆఖరుకే ఎందుకు నల్లబడుతుంది? ఇద్దరూ అబద్ధమాడే మనుషులు కారు. ఇద్దరి మాటా నిజమైతే, ఆ రెండు నిజాలు ఎక్కడో ఒకచోట కలవాలి గదా.

వేలితో రాసి చూశాను. బీడీలు చుట్టి చుట్టి నా వేళ్ళ కొసలు మొద్దుబారాయి. ఏమీ తెలియలేదు. ఇంట్లోకి వెళ్ళి దీపపు వత్తుల కోసం దాచిన దూది కొంచెం తెచ్చి, ఫ్లాంజి బయటి అంచు నుంచి నడిమి వైపు నెమ్మదిగా లాగాను. బయటి అంచున జారింది. నడిమికి జరిగే కొద్దీ పట్టుకోవడం మొదలుపెట్టింది. నడిమి బొక్క చుట్టూ, బొడ్డు దగ్గర, దూది పోగులు పోగులుగా చిక్కుకుని గడ్డంలా నిలిచింది. లాగితే నల్లగా వచ్చింది.

అప్పుడు బీము కళ్ళ ముందు కనబడింది. నిండు బీములో పైపొరల నూలు ఫ్లాంజి బయటి అంచును రాస్తుంది. నేస్తూ నేస్తూ ఆఖరుకు వచ్చేసరికి మిగిలేది లోపలి పొరలు. వాటిని రాసేది బొడ్డు దగ్గరి భాగం. ఫ్లాంజి ఆఖరుకు ఖరాబు కావడం లేదు. ఖరాబైన చోటుకు నూలు ఆఖరుకు చేరుతున్నది.

షెడ్డు తలుపు కొట్టాను. "మామా, తిట్టాలంటె తర్వాత తిట్టు. ముందు ఈ దూది జూడు."

ఆయన చూశాడు. నా చేతిలోని దూది తీసుకుని తనే రాశాడు. బయట నుంచి లోపలికి, లోపల నుంచి బయటికి. ముఖం ఎర్రబడింది. "వాడు నేర్పి పంపిండా?" అన్నాడు.

"ఆయన తలుపేసుకుని పండుకున్నడు. నన్ను నేర్పేటోడు ఇంత వరకు పుట్టలే. లోపలి దిక్కు ఎందుకు గరుకున్నది? గది చెప్పు."

ఆయన బొడ్డు చుట్టూ గోరుతో ఒకసారి గీకి చూశాడు. తర్వాత, "తెల్వదు" అన్నాడు. బీడీ పారేసి లేచాడు. "బిగిద్దాం పా."

ముందు టిప్పు మీద అనుమానపడ్డాడు. బంగారు టిప్పు మూలను బొటనవేలి గోరు మీద ఆనించి లాగాడు. జారిపోయింది. సాదా బూడిద రంగు టిప్పును లాగితే గోరు మీద నుంచి సన్నటి పొర లేచింది. "ఇగో జూడు, దీని అంచు గుండ్రం" అన్నాడు బంగారుదాన్ని చూపిస్తూ. "ఇనుముకు ఈ గుండ్రమే బలం. విరగదు. అల్యూమినియంకు మాత్రం కత్తి కావాలె. దీనితోని కోస్తే కొయ్యదు, నూకుతది." బంగారు పూతకు ముద్ద కూడా ఎక్కువ పట్టింది. అంత ఖరీదు పెట్టి కొన్నది తప్పు చోట పెట్టామని నా ప్రాణం ఉసూరుమంది. "పారేస్తమా?" అంటే, "పిచ్చిదానా, షాఫ్టులకు పెడత" అన్నాడు. కొంచెం ఊపిరి వచ్చింది.

సాదా టిప్పు బిగించి, గ్యాసునూనె అద్దుతూ పలచగా ఒక కోత తీశాడు. బయటి అంచు అద్దమైంది. సగం వరకు బాగానే వచ్చింది. బొడ్డు దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ గరుకు. లేత్ ఆపి దూది రాస్తే, ముందంత కాకపోయినా, పట్టింది.

"టిప్పు గాదైతె ఇంకేంది?" అన్నాడు తనలో తానే. లేత్‌ను మళ్ళీ ఉత్తగా తిప్పి చూశాడు. నేను బిళ్ళనే చూస్తున్నాను. బయటి అంచు మీద ఒక చిన్న మచ్చ ఉరుకుతున్నది. బొడ్డు దగ్గర ఇంకో మచ్చ మెల్లగా నడుస్తున్నది. తిరిగేది ఒకటే బిళ్ళ.

నా చిన్నప్పుడు మా నాయన చేతిమగ్గం కోసం రాట్నం మీద కండెలు చుట్టేదాన్ని. చక్రం ఒకే తీరుగా తిప్పుతాం. ఖాళీ కండె మీదికి నూలు మెల్లగా పోతుంది. కండె లావయ్యే కొద్దీ నూలు ఉరుకుతుంది. నిండే వేళకు వేళ్ళ నడుమ కాలుతుంది. చక్రం మారలేదు, కండె లావు మారింది. ఆ మంట నా వేళ్ళకు ఇంకా గుర్తుంది.

"మామా, బయటంచు నిండు కండె. బొడ్డు ఖాళీ కండె. నువ్వు ఒక్క తీరుగనే తిప్పుతున్నవ్. బయట ఉరుకుతున్నది, లోపల పాకుతున్నది. ఇది మెల్లగ కోస్తె అంటుకునే జాతేమో?"

ఆయన నా వైపు తిరిగాడు. "లోపల మెల్లగ పోతదని నాకు తెల్సు. బీడుకు దానితోని ఫరక్ పడలే ఎన్నడు" అన్నాడు నెమ్మదిగా. "పెద్ద బిళ్ళకు మెల్లగ తిప్పాలె అని ఉస్తాదు చెప్పిండు. అది బీడు బిళ్ళకు చెప్పిండు. నేను..."

లేత్‌కు మెట్లు మెట్లుగా ఉండే పుల్లీ ఉంటుంది. దాన్ని తిప్పే బెల్టు పట్టాను ఏ మెట్టు మీద వేస్తే ఆ వేగం. ఆయన మోటారు ఆపి, పట్టాను వేగం మెట్టు మీదికి జరిపాడు. అంత పెద్ద బిళ్ళను అంత వేగంగా ఆయన ఎన్నడూ తిప్పలేదు. చక్ బిగింపులు మళ్ళీ ఒకసారి చూసుకుని, నన్ను తలుపు అవతలికి పొమ్మన్నాడు. నేను పోలేదు. రెండోసారి అరిస్తే గడప దాకా పోయాను. లేత్ వణికింది. గోడ మీది క్యాలెండరు ఊగింది. గంగు అత్త బయటికి వచ్చి, "ఏమైతున్నదయా లోపల!" అని కేకేసింది. మేస్త్రి బొడ్డు దగ్గర మొదలుపెట్టి బయటికి, సగం వరకే కోసి ఆపాడు. మిగిలిన సగానికి పట్టాను మళ్ళీ మెల్ల మెట్టుకు దించాడు. రెండు కోతలు కలిసిన చోట సన్నటి గీత ఒకటి నిలిచింది. దాన్ని గరుకు కాగితంతో రుద్ది పోగొట్టాడు.

దూది నేనే రాశాను. బయట నుంచి బొడ్డు దాకా ఆగకుండా జారింది. తెల్లగా పోయి దాదాపు తెల్లగానే వచ్చింది.

మా ముగ్గురికీ సంతోషం కలిగి ఉండాలి. కొంచెం కలిగింది కూడా. మేస్త్రి ఆ బిళ్ళ మీద చెయ్యి వేసి, పసిబిడ్డ వీపు మీద వేసినట్టు అలాగే ఉంచాడు. గంగు అత్తే ముందు మాట్లాడింది. "అయితె ఏమాయె? ఒక్కొక్కటి తెప్పించి, గప్‌చిప్‌గ మళ్ళ కోసియ్యి. పాలిష్ అని చెప్పు. సేఠ్‌కు ఎందుకు తెల్వాలె? తెలిస్తె ఇంకోసారి మాల్ ఇస్తడా?"

"అప్పటిదాంక రాజేశం సంగతేంది?" అన్నాడు మేస్త్రి. రాజేశం అంటే మా ఆయన.

"రెండు మూడు బీములు చూసుకుంట నేస్తడు. బతిమాలుకుంటడు."

మేస్త్రి టిప్పు విప్పి గుడ్డతో తుడిచాడు. నా మనసులో నూరు మాటలున్నాయి. మా ఆయనను సేఠ్ పంపించేస్తే రేపటి నుంచి ఏం తింటామో నాకు తెలుసు. కాని సేఠ్ ముందు ఒప్పుకోమని ఆ మనిషిని అడగడానికి నోరు రాలేదు. నలుగురు మగవాళ్ళ ముందు తెలియదని ఆయన నోట ఎన్నడూ రాలేదని నాకు తెలుసు. బలవంతం చేస్తే రాని మాట అది. మోచేతులకు కట్టిన పీలికలు విప్పుకుని, దీపపు వత్తులకు పనికొస్తుందని మిగిలిన దూదిని కొంగున కట్టుకుని ఇంటికి వచ్చాను. మా ఆయనకు జరిగినదంతా చెప్పాను. "ఆ ముసలాయన చచ్చినా ఒప్పుకోడు" అన్నాడు. "తెల్వదు, సూద్దాం" అన్నాను. అన్న తర్వాతే తెలిసింది, అది ఎవరి మాటో.

ఆ మాట నన్ను ఇప్పటికీ వదలలేదు. బియ్యం ఉడకకపోతే దుకాణదారును తిట్టే ముందు రెండు గింజలు వేరు నీళ్ళలో వేసి చూస్తాను. మనుమరాలు ఏదో కొత్త సబ్బు తెచ్చి ఇది మంచిదంటే, ఒక కొంగుకు అదీ, ఇంకో కొంగుకు పాతదీ పెట్టి ఉతికి చూస్తాను. చాదస్తమంటుంది. ఇద్దరు గట్టిగా జగడమాడుతుంటే ఎవరు నిజమని అడగడం మానేశాను. ఇద్దరూ నిజమైతే ఎట్లా అని ముందు చూస్తాను. పొదుపు మా అమ్మ నేర్పింది. తెలుసుకోవడానికి పెట్టిన ఖర్చు దుబారా కాదని మేస్త్రి నేర్పాడు. మొదటిదాని కంటే రెండోది నేర్చుకోవడమే నాకు కష్టమైంది, ఇప్పటికీ ఒక్కోసారి చెయ్యి వెనక్కి పోతుంది.

మరునాడు పొద్దున మగ్గాల భోంగా కూసే వేళకు పోశెట్టి మేస్త్రి ఉతికిన ధోతి కట్టుకుని, ఆ ఫ్లాంజిని సైకిల్ వెనుక కట్టుకుని మా గుమ్మం ముందు నిలబడ్డాడు. మా ఆయన వైపు చూడకుండా, "నర్సూ, దూది పట్టుకుని రా" అన్నాడు. ముగ్గురం నడిచి వెళ్ళాం. మగ్గాల షెడ్డులో సేఠ్ కుర్చీ చుట్టూ నేతవాళ్ళు నిలబడి ఉన్నారు. మేస్త్రి అక్కడి పాత ఫ్లాంజి ఒకటి, తను కొత్తగా కోసి తెచ్చింది ఒకటి నేల మీద పక్కపక్కన పెట్టి, దూది రాసి చూపించాడు. "కసూర్ రాజేశంది గాదు సేఠ్, నాది. బీడును తిప్పినట్టు దీన్ని తిప్పిన. నాకు తెల్వలే" అన్నాడు. అందరూ విన్నారు. సేఠ్ దూదిని కాసేపు వేళ్ళ నడుమ నలిపి చూసి, ఫ్లాంజీలన్నీ పైసా తీసుకోకుండా మళ్ళీ కోసివ్వమన్నాడు. వచ్చే మాల్ ఇంకో లేత్‌వాళ్ళకు ఇస్తానన్నాడు. మేస్త్రి తల ఊపాడు. మా ఆయన వెళ్ళి తన మగ్గం నడిపాడు. మేస్త్రి ఖాళీ బీముల నుంచి విప్పిన ఫ్లాంజీలను చేతిబండి మీద వేయించుకుని ముందు నుంచి లాగాడు, నేను వెనుక నుంచి నెట్టాను. లేత్ షెడ్డుకు చేరాక గంగు అత్త ఇద్దరికీ చాయ్ ఇచ్చింది. ఆయన పట్టాను వేగం మెట్టు మీద వేసి, మొదటి బిళ్ళను బిగించి, గ్యాసునూనె కుంచె నా చేతికిచ్చాడు.